బీటిల్సువారి సంపుటములకు మార్కులు

లివర్‌పూలు నగరమున పుట్టిన బీటిల్సు గాయకబృందముయొక్క సంపుటములకు మన పై తరగతుల విద్యార్థులు నూటికి మార్కులు వేయుచు వాదించుకొనుచున్నారు. ఈ విషయమున ఇద్దఱు స్నేహితులు మాటలే మానుకొనిరట! మార్కులు వేయుట మా వృత్తియే గావున మేమును ఈ వాదమున జొచ్చుచున్నాము.

పాటపాటకును మార్కులు వేసి సరాసరి కట్టుట మాకు సమ్మతము కాదు. 1969 నాటి 'ఆబీ రోడ్' రెండవ ప్రక్కన చిన్న చిన్న పాటల తునుకలు ఒకదానిలో నొకటి కలిసిపోవును. విడదీసి తూచినచో వానిలో కొన్నింటికి ఉత్తీర్ణతయు దుర్లభమే. వరుసగా విన్నవారు ఆ మాట యనజాలరు. దానికి 90.

1963 నాటి 'ప్లీజ్ ప్లీజ్ మీ' యందలి 14 పాటలలో 10 ఒక్క ఫిబ్రవరి 11వ తేదీననే రికార్డు చేయబడినవి. కడపటి పాటలో లెన్నను కంఠము బొంగురుపోయినది. అదియే దాని యందము. 70. మఱుసటి యేటి 'బీటిల్స్ ఫర్ సేల్' యందు అలసట కనబడుచున్నది. 55 చాలును.

1966 నాటి 'రివాల్వర్'కు మేము 93 వేసి ప్రథమస్థానము నిచ్చుచున్నాము. 'ఎలినార్ రిగ్బీ'లో గిటారు లేదు, డ్రమ్ములు లేవు. ఎనిమిది తంత్రీవాద్యములు మాత్రమే. మఱియొక పాటలో మన సితారు, తబలా వినబడును. ఇంత వైవిధ్యమును ఇంచుమించు 35 నిమిషములలో ఇమిడినది. పెక్కుమంది 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్'ను పైన నిలుపుదురు. దాని చివరి పాటకు మేమును సాటి చెప్పలేము. కాని తక్కినవానిలో కొన్నిచోట్ల నగల బరువున పెండ్లికూతురు కనబడదు. 84.

1968 నాటి జంట సంపుటమున 30 పాటలు గలవు. వానిలో పెక్కు హృషీకేశమున పుట్టినవి. ఒక్క సంపుటమునకు కుదింపవలసినదని నిర్మాత జార్జి మార్టిను అభిప్రాయము. మేము ఆయన పక్షమే. అయితే ఏవి తీసివేయవలెనన్నచో ఉపాధ్యాయుల గదిలోనే ఇద్దఱొక్కటి కారు.

'లెట్ ఇట్ బీ'కి మాత్రము అన్యాయము జరుగుచున్నది. 1970లో, బృందము విడిపోయిన పిమ్మట వెలువడుటచే దానిని కడపటి యూపిరిగా నెంచి కొందఱు 40 వేసిరి. అందలి పాటలలో పెక్కు 1969 జనవరిలో, 'ఆబీ రోడ్'కు ముందే పాడినవి. పిమ్మట ఫిల్ స్పెక్టరు చేర్పించిన వాద్యములు మెకార్ట్నీకి రుచింపలేదు. వానిని తొలగించిన కూర్పు 2003లో వచ్చినది. విద్యార్థులు ఈ రెంటిని ప్రక్కప్రక్కన విని, అటుపిమ్మట మేము వేసిన 65తో పోరాడవచ్చును.