గర్భసంచి తీయించుకునే ముందు

గర్భసంచి గురించి మాట్లాడుకోవడం మన ఇళ్ళలో పరిపాటి కాదు. కానీ ‘పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది’ అన్న ఒక్క మాటతో దానిని తీయించివేసుకోవడం మాత్రం మామూలైపోయింది. మా పద్మనాభం మండలంలోనూ, భీమునిపట్నం వైపు పల్లెలలోనూ నలభై నిండని స్త్రీలు ఈ ఆపరేషన్ చేయించుకున్నారని వింటూనే ఉంటాము. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలోనూ మనదే మొదటి స్థానం, తెలంగాణ మన వెనుకనే ఉంది.

మదర్సాలో పాఠాలు చెప్పుకునేవానికి ఈ ప్రస్తావన ఎందుకని కొందరు సోదరులు అనుకోవచ్చు. స్త్రీలు మా ఇంటికి వచ్చి నా భార్యను అడిగే మసాయిల్‌లో చాలా భాగం రక్తస్రావానికి సంబంధించినవే. “ఆపా, రోజులు గడిచినా ఆగడం లేదు, నమాజు సంగతేమిటి?” అని అడుగుతారు. హద్దు దాటిన రక్తస్రావం ఇస్తిహాజా అని, అది వ్యాధి కిందికి వస్తుందని, ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకుని నమాజు చేయవచ్చునని మన ఫిఖ్‌హ్ గ్రంథాలు ఎప్పుడో తేల్చి చెప్పాయి. నమాజు కోసం ఎవరూ గర్భసంచి కోయించుకోనక్కరలేదు. వ్యాధికి వైద్యం చేయించుకోవాలి, అంతే.

ఆ వైద్యం ఏదన్నదే అసలు ప్రశ్న. ఆపరేషన్ బల్ల మీద గర్భసంచి ఒక్కటే తీస్తారా, దానితోపాటు ఇరువైపులా ఉండే అండాశయాలను కూడా తీసివేస్తారా? సంతకం పెట్టే భర్తకు గాని, పడుకోబోయే స్త్రీకి గాని ఈ తేడా చాలాసార్లు తెలియదు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ప్రధానంగా తయారయ్యేది అండాశయాలలోనే.

ఈస్ట్రోజెన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. అయితే దానిని అందుకునే గ్రాహకం ఉన్న కణంలోనే అది పని చేస్తుంది. 1950ల చివర చికాగోలో ఎల్‌వుడ్ జెన్సన్ అనే శాస్త్రవేత్త ఈ హార్మోనుకు రేడియోధార్మిక హైడ్రోజన్ గుర్తు తగిలించి ఎలుకలలోకి పంపి, అది గర్భాశయం వంటి కొన్ని అవయవాలలోనే నిలిచిపోతున్నదని చూపించాడు. 1996లో స్వీడన్ శాస్త్రజ్ఞులు రెండవ రకం గ్రాహకాన్ని కనుగొన్నారు. ఈ గ్రాహకాలు స్త్రీ అవయవాలకే పరిమితం కావని ఈనాడు తెలుసు. ఎముకలలో, రక్తనాళాల గోడలలో, మెదడులో, మూత్రకోశంలో కూడా ఉన్నాయి. పురుషులలోనూ ఉన్నాయి. పుట్టుకతోనే ఈ గ్రాహకం పని చేయని ఒక అమెరికన్ యువకుని గురించి 1994లో వైద్యులు ప్రకటించారు. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పొడవు పెరగడం ఆగలేదు, ఎముకలు మాత్రం గుల్లబారాయి.

మన ఎముక నిత్యం కరుగుతూ, నిత్యం కట్టబడుతూ ఉంటుంది. కరిగించే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్. మన దేశంలో సహజంగా ముట్లుడిగేది సుమారు 46, 47 ఏళ్ళకు. అది కూడా కొన్నేళ్ళ పాటు మెల్లమెల్లగా జరుగుతుంది. ముప్పై అయిదేళ్ళకే రెండు అండాశయాలనూ తీసివేస్తే హార్మోను కొద్ది రోజులలోనే పడిపోతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి వెంటనే వస్తాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం తరువాత మెల్లగా బయటపడతాయి. అప్పుడు నడుము నొప్పిని ఎవరూ పాత ఆపరేషన్‌తో ముడిపెట్టరు. అండాశయాలను వదిలివేసినా, గర్భసంచి తీసినవారిలో అవి కొన్నేళ్ళు ముందుగానే పని మానుతాయని పరిశోధనలు చూపాయి.

ఇంతమాత్రాన ఈస్ట్రోజెన్ ఎంత ఉంటే అంత మేలని కాదు. రొమ్ము క్యాన్సర్లలో అధికభాగం కణాలు ఇదే గ్రాహకాన్ని ఆసరా చేసుకుని పెరుగుతాయి. అందుకే బయాప్సీ నివేదికలో ‘ఈఆర్ పాజిటివ్’ అన్న మాట కోసం వైద్యులు చూస్తారు. అది ఉంటే టామోక్సిఫెన్ వంటి మాత్ర పనికి వస్తుంది. విచిత్రమేమంటే ఈ మాత్ర రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది గాని, గర్భసంచి పొరలో ఈస్ట్రోజెన్ లాగే పని చేస్తుంది. దానిని వాడుతున్న స్త్రీకి రక్తం కనిపిస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి. ముట్లుడిగి ఏడాది గడిచాక ఏ స్త్రీకి రక్తం కనిపించినా అంతే. అది మళ్ళీ వచ్చిన ముట్టు కాదు.

మన ప్రాంతంలోని అనవసర ఆపరేషన్ల సంగతి కొత్తదేమీ కాదు. అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఎన్నో ఏళ్ళ క్రితమే దీనిని అధ్యయనం చేసి వెలుగులోకి తెచ్చారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలోని ఇలాంటి ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలలలో అమలు చేయాలని ఆదేశించింది. తీర్పు కాగితం మీద ఉంది. ఆసుపత్రిలో అడగవలసినది మాత్రం ఇంటివారే.

క్యాన్సర్, పెద్ద గడ్డలు, ఏ మందుకూ లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. అప్పుడు సందేహించరాదు. తెల్లబట్టకో, నడుము నొప్పికో, ‘రేపు క్యాన్సర్ వస్తుందేమో’ అన్న భయానికో అయితే కాదు. మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్ ఉంది. వాటితో తగ్గుతుందేమో అడగండి. రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకోండి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, స్త్రీల కోసమే ఉన్న విక్టోరియా ఆసుపత్రి ఉంది. పరదా పాటించే స్త్రీలు సంకోచం లేకుండా వస్తారనే కాబోలు, ఊరంతా దానిని ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. సంతకానికి ముందు ‘అండాశయాలు తీస్తున్నారా, ఎందుకు?’ అని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి.

చిన్న వయసులోనే రెండూ తీయించుకున్న సోదరీమణులు ఆ కాగితాలతో స్త్రీవైద్య నిపుణులను కలవాలి. రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇవ్వవచ్చునా అన్నది వారే నిర్ణయిస్తారు. ఎముకల సాంద్రత పరీక్ష గురించీ అడగండి. పాలు, పెరుగు, రాగులు, రోజూ కొంత నడక ఎలాగూ అవసరమే. ఇంటి పట్టున ఉండేవారికి ఎండ తగలక విటమిన్ డి తక్కువగా ఉంటుంది. మేడ మీదనో పెరట్లోనో, చేతులకూ ముఖానికీ ఎండ తగిలేలా కాసేపు కూర్చోండి.