పెంపుడు కుక్కకు శస్త్రచికిత్స: వ్యయ మెవరిది?

పెంపుడు కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుటకు వేల రూపాయలు కావలసి వచ్చుచున్నవనియు, మూగజీవిపై అంత సొమ్ము పోయుట దుబారా యనియు మనలో పలువురు అనుచున్నారు. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

వ్యయము ఎక్కువ యనుట అసత్యము కాదు. మగకుక్కకు వృషణములు తొలగించిన చాలును. ఆడకుక్కకు పొట్ట కోసి అండాశయములను, సాధారణముగా గర్భాశయమును కూడ తీసివేయవలెను. అందులకు పూర్తిగా మత్తు ఇయ్యవలెను. కుక్క బరువును బట్టి మందు మోతాదు పెరుగును. ముందు రక్తపరీక్ష, తరువాత నొప్పి తగ్గించు మందులు, కుట్లు నాకకుండ మెడకు పట్టీ, పది పదునాలుగు దినముల సంరక్షణ, ఇవన్నియు చేరినదే ఆ ఖర్చు.

అయినను, శస్త్రచికిత్స మానినంత మాత్రమున వ్యయము తప్పునా? తప్పదు, చేతులు మాత్రము మారును. కుక్క ఇంచుమించు 63 దినములు చూలు మోయును. ఏడాదికి సాధారణముగా రెండు మార్లు ఎదకు వచ్చును. ప్రతి ఎదకు చూలు నిలిచి, ఈతకు ఐదు కూనలే పుట్టినవనుకొన్నను రెండేండ్లకు ఇరువది కూనలు! మగకూనలను అడిగి పుచ్చుకొనువారు కొందరుందురు. ఆడకూనలు గోనెసంచిలో సంతవీధి చేరును. నాటినుండి వాని తిండి అంగళ్లవారిది, వాని కాటు బడిపిల్లలది, ఆ కాటుకు సూదిమందు ప్రభుత్వ వైద్యశాలది. 2024లో దేశమున కుక్కకాట్లు 37 లక్షలకు మించినవని కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. అవి యన్నియు ఇండ్లనుండి వెడలగొట్టబడిన కుక్కల కాట్లని మేము చెప్పము. కాని వీధికుక్కల గుంపునకు మన గడప కొత్త కూనలను అందించుచుండగా, పురపాలక సంఘము ఎన్ని కుక్కలకు శస్త్రచికిత్స చేసినను చిల్లికుండకు నీరు పోసినట్లే యగును.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. 2001 నాటి నియమముల స్థానమున 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది. పెంపుడు కుక్కకు టీకా వేయించుట, శస్త్రచికిత్స చేయించుట యజమాని బాధ్యత. ఇవి కేంద్ర నియమములు. మనము చెన్నపట్టణమున నున్నను, బరంపురమున నున్నను, షోలాపురమున నున్నను, యానాములో నున్నను ఈ బాధ్యత ఒక్కటే.

ఒక్క ఈత ఈనిన గాని తల్లికి ఆరోగ్యము కలుగదని మరికొందరందురు. ఇందులకు ఆధారము లేదు. పైగా శస్త్రచికిత్స జరుగని ఆడకుక్కలకు వయసు మీరినపుడు గర్భాశయమున చీముపట్టు ప్రమాదము కలదు. అపుడు ప్రాణము దక్కవలెనన్న అదే గర్భాశయమును, జబ్బుపడిన శరీరమునుండి, అర్ధరాత్రమైనను తీయింపవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తుట యన నిదియే. అయితే ఏ వయసున చేయింపవలెనను విషయము జాతిని, శరీరపరిమాణమును బట్టి మారును. దానిని పశువైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను.

మేము యజమానులనే నిందించి ఊరకుండము. జాతికుక్కను వేలు పోసి కొని, శస్త్రచికిత్స యనగానే చేతులెత్తువారిపై మాకు జాలి లేదు. కాని రాత్రి కాపలాకై ఒక నాటుకుక్కను సాకు చాకలి, పాలవాడు, బండివాడు ఒక్క పూటలో వేలు ఎచటనుండి తెత్తురు? బాధ్యతను చెప్పిన ప్రభుత్వమే దారిని కూడ చూపవలెను. ప్రతి పట్టణమున ప్రభుత్వ పశువైద్యశాలలో నెలకొక దినమైనను నియమించి, బీదల పెంపుడు కుక్కలకు స్వల్ప రుసుముతో శస్త్రచికిత్స చేయవలెను. ప్రైవేటు వైద్యశాలలు రుసుము ఎంతయో, అందులో ఏవేవి చేరినవో ముందుగనే వ్రాసి యియ్యవలెను. కత్తి పెట్టిన పిమ్మట లెక్క పెంచుట న్యాయము కాదు.

పాఠకులారా! కుక్కను ఇంటికి తెచ్చిన నాడే ఈ సొమ్మును నెలనెలా కొంత ప్రక్కన పెట్టుడు. మీ వార్డు సభ్యుని కలిసి పై కోరికలను వ్రాతమూలకముగా నందజేయుడు. కుక్క మనదైనపుడు దాని సంతతి ఊరిది కాజాలదు.