పత్రం లేని పర్యవేక్షణ

శ్రీశైలం జలాశయ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం వద్ద 308 టీఎంసీల నీరు నిలుస్తుందని నిర్మాణ కాలంలో లెక్కగట్టారు. కృష్ణా తుంగభద్రలు దశాబ్దాలుగా మోసుకొచ్చిన పూడిక అడుగున పేరుకుపోయి, ఇప్పుడు అదే మట్టం వద్ద నిల్వ 215.80 టీఎంసీలకు పడిపోయింది. అంటే గేజీ ఏ దోషమూ లేకుండా పనిచేసినా, అది చూపే అడుగులను టీఎంసీలుగా మార్చే సామర్థ్య పట్టిక పాతదైతే లెక్క 90 టీఎంసీలకు పైగా తప్పుతుంది. పూడిక సర్వేలు జరిపి పట్టికను సవరించారు కనుక ఆ తప్పు నేడు జరగడం లేదు. కొలిచే సాధనం ఎంత ముఖ్యమో, ఆ కొలతకు అర్థం చెప్పే పత్రం అంతే ముఖ్యమన్న పాఠం మాత్రం ఆ సవరణలో ఉంది. జలాశయాలలో, జలవిద్యుత్ కేంద్రాలలో పెరిగిపోతున్న మిగతా పర్యవేక్షణ సాధనాలకు ఈ పాఠాన్ని వర్తింపజేయకపోతే రాయలసీమకు ముప్పు తప్పదు.

ఒకప్పుడు గేజీ పలకను కంటితో చూసి రిజిస్టరులో రాసేవారు. ఇప్పుడా పని సెన్సర్లకు, టెలిమెట్రీకి, కంప్యూటర్లకు అప్పగిస్తున్నాం. నీటిమట్టం, ఇన్‌ఫ్లో, గేట్ల ఎత్తు, ఆనకట్ట లోపలి గ్యాలరీల్లో సీపేజీ, టర్బైన్ల ఉష్ణోగ్రత, ట్రాన్స్‌ఫార్మర్ల స్థితి క్షణాల్లో తెరపైకి వస్తాయి. ఈ మార్పు ఆహ్వానించదగినదే. అయితే మన దగ్గర పరికరం కొనడానికి టెండరు ఉంటుంది, ప్రారంభించడానికి సభ ఉంటుంది. ఏ హద్దు దాటితే అలారం మోగాలని అమర్చారు, ఆ హద్దును ఎవరు ఎందుకు నిర్ణయించారు, మార్చితే ఎక్కడ నమోదు చేశారు అన్న వివరాలకు ఆ ప్రాధాన్యం దక్కదు. గుత్తేదారు ఇచ్చిన కరదీపిక బీరువాలో ఉండిపోతుంది. అమర్చిన ఇంజనీరు బదిలీ అవుతారు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారుతుంది. ఐదేళ్లు గడిచేసరికి తెరపై అంకెలు కదులుతూనే ఉంటాయి, వాటిని నమ్మవచ్చునో లేదో చెప్పగలవారు మిగలరు.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ చిక్కును ముందే గుర్తించినవారు ఉన్నారు. లైనక్స్ పంపిణీల్లో ఒకటైన నిక్స్‌ఓఎస్‌ను అనేక దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహిస్తున్నారు. సర్వర్ల స్థితిగతులను కనిపెట్టే ప్రామిథియస్ వంటి పర్యవేక్షణ సేవలకు అందులో మాడ్యూళ్లు అనే అమరిక ఫైళ్లు ఉన్నాయి. సేవ నడిచే తీరును నిర్ణయించే ఆప్షన్ పేరు, దానికి ఇవ్వదగిన విలువ, ఏమీ ఇవ్వకపోతే వర్తించే డిఫాల్ట్, అది చేసే పని, ఇవన్నీ ఆ మాడ్యూల్ ఫైలులోనే రాయాలి. వాడుకరుల చేతికి వచ్చే ఆప్షన్ల వివరణ ఈ ఫైళ్ల నుంచే తయారవుతుంది. వివరణ లేని ఆప్షన్ ఎదురైతే ఆ తయారీ ఆగిపోతుంది. ఆప్షన్ పేరు మారిస్తే పాత పేరు వాడేవారిని హెచ్చరించి కొత్త పేరు చూపే ఏర్పాటు ఉంది. పనితనమూ పత్రమూ ఒకేచోట ఉండి ఒకేసారి మారాలన్నది అక్కడి కట్టుబాటు.

ఆ కట్టుబాటు కూడా దానంతట అది నిలవదు. మాడ్యూల్‌ను చూసుకునే బాధ్యులు తప్పుకుంటే, మూల ప్రోగ్రామ్ మారినా మాడ్యూల్ మారదు. అప్పుడు సేవ ఆగిపోతే మేలే, లోపం వెంటనే తెలుస్తుంది. నడుస్తున్నట్టే కనిపిస్తూ, కొలవవలసిన దాన్ని కొలవడం మానేస్తే అది అసలైన ప్రమాదం.

డిఫాల్ట్ విలువల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రామిథియస్ తాను సేకరించిన కొలతలను 15 రోజులే నిల్వ ఉంచుతుంది. సర్వర్ల రోజువారీ నిర్వహణకు ఆ వ్యవధి సరిపోవచ్చు. ఆనకట్టలో సీపేజీ పెరుగుతోందో లేదో తెలియాలంటే ఈ ఏటి లెక్కను నిరుటి లెక్కతో, అంతకుముందు ఏళ్ల లెక్కలతో పోల్చాలి. ఆ ఆప్షన్ వివరణ చదవకుండా ఇలాంటి సాధనాన్ని ఎవరైనా ఆనకట్టకు అమర్చితే, ఆగస్టు వరదల నాటి కొలతలు దసరా నాటికి మిగలవు. ఏ లోపమూ తలెత్తదు, ఏ అలారమూ మోగదు. ఆధారం మాత్రం చెరిగిపోతుంది. ఇది ఒక్క సాఫ్ట్‌వేర్‌కు పరిమితమైన విషయం కాదు. తయారీదారు ఎవరైనా, ప్రతి పర్యవేక్షణ సాధనంలోనూ ఇలాంటి డిఫాల్టులు పదుల సంఖ్యలో ఉంటాయి.

అలారం మోగకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ముప్పు లేకపోవడం, లేదా ముప్పును చెప్పవలసినది పనిచేయకపోవడం. ఈ రెంటి మధ్య తేడా తెలుసుకోలేని వ్యవస్థకు ఎంత ఖర్చు చేసినా అది రక్షణ కాదు.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో ఇంజనీర్లు, సిబ్బందితోపాటు బ్యాటరీల పనికి వచ్చిన ప్రైవేటు సంస్థ ఉద్యోగులూ ఉన్నారు. విద్యుత్ కేంద్రంలో రక్షణ రిలేలకు, బ్రేకర్లకు శక్తినిచ్చేది డీసీ బ్యాటరీల సరఫరా. అది లేనప్పుడు లోపం తలెత్తినా బ్రేకరు తెరుచుకోదు, కాపాడవలసిన వ్యవస్థ నిస్సహాయంగా ఉండిపోతుంది. అందుకే రక్షణ వ్యవస్థపై జరిగే ప్రతి పనికీ లిఖితపూర్వక క్రమం ఉండాలి: పని జరిగేటప్పుడు యంత్రాలు నడవవచ్చునా, ప్రత్యామ్నాయ సరఫరా ఏది, పొగ కమ్మితే భూగర్భం నుంచి బయటపడే దారి ఏది, ఆ దారిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు. ఈ ప్రశ్నలకు జవాబు ఒకరిద్దరి జ్ఞాపకంలో ఉంటే చాలదు. ఆ రాత్రి విధుల్లో ఉన్న ప్రతివారి చేతిలో ఉండాలి.

సీమ ఇలాంటి హెచ్చరికలను అప్పటికే చూసింది, ఆ తరువాతా చూసింది. 2009 అక్టోబరు 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆనకట్టకు నిర్దేశించిన గరిష్ఠ వరద 19 లక్షలు. నీరు పూర్తిమట్టాన్ని దాటింది, ఎగువన కర్నూలు నగరం మునిగింది. ఆనకట్ట నిలిచింది. అయితే 12 గేట్ల నుంచి పడే ప్రవాహానికి దిగువన నీరు దూకే మడుగులో (ప్లంజ్‌పూల్) కోత ఏర్పడింది. అది ఎంత లోతుకు పోయిందో, పునాదికి ఎంత దగ్గరగా వచ్చిందో ప్రతి వరద తరువాతా నీటి అడుగున సర్వే చేసి, పాత సర్వేతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. పాత సర్వేను ఏ కొలమానంతో, ఏ బిందువు నుంచి చేశారో రాసి ఉండకపోతే కొత్త సర్వేను దేనితో పోలుస్తారు?

2021 ఆగస్టులో సీమకు వెలుపల పులిచింతల ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న కడప జిల్లాలో, ఎగువన పింఛా కట్ట తెగి వచ్చిన వరదకు చెయ్యేటిపై అన్నమయ్య జలాశయం మట్టికట్ట తుడిచిపెట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు ఆ ఉదయమే నీటిపాలయ్యాయి. ఆ జలాశయానికి ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయని స్థితిలో ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు చైను తెగి గేటు కొట్టుకుపోయింది. దిగువన కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ప్రజలను అప్రమత్తం చేయవలసి వచ్చింది. సీమ రైతు ఖరీఫ్‌కు నమ్ముకున్న నీరు కళ్లెదుటే నదిలోకి పోయింది. చైను లింకు ఒక్క రాత్రిలో అరిగిపోదు. అరుగుదలను ఏటా కొలిచి, రాసి, ఆ రాతను మరొకరు చదివి నిర్ణయం తీసుకునే వరుస ఎక్కడో తెగిన తరువాతే చైను తెగుతుంది.

ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. 15 మీటర్లకు మించిన ఆనకట్టలన్నీ దాని పరిధిలో ఉన్నాయి. వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీలు, ప్రతి ఆనకట్టకూ లాగ్‌బుక్ లేదా సమాచార నిధి, భద్రతను కొలిచే పరికరాలు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఆ చట్టం విధించిన బాధ్యతలు. పాత ఆనకట్టలకు అత్యవసర ప్రణాళిక సిద్ధం చేయడానికి ఐదేళ్లు గడువు ఇచ్చింది. అది 2026 డిసెంబరుతో ముగుస్తుంది. చట్టంలో లోటు లేదు. లోటు అమలు స్వభావంలో ఉంది. లాగ్‌బుక్ ఉందా అని అడిగే తనిఖీకి, అందులో రాసినది నేటి పరికరానికి సరిపోతుందా అని అడిగే తనిఖీకి చాలా దూరం ఉంది.

శ్రీశైలం విషయంలో మరో చిక్కు ఉంది. కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఒక రాష్ట్రానిది, ఎడమగట్టుది మరొక రాష్ట్రానిది. పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగకు, చెన్నై తాగునీటికి పోయే ప్రతి క్యూసెక్కుపైనా వివాదం రగులుతూనే ఉంటుంది. టెలిమెట్రీ అంకెలపై నమ్మకం లేకనే ఉభయపక్షాలూ వేరువేరు లెక్కలు చెబుతుంటాయి. కొలిచే సాధనం అమరిక, సవరణల చరిత్ర ఇరువురికీ ఒకే రూపంలో కనిపిస్తే ఈ తగాదాలో కొంతభాగమైనా తగ్గుతుంది. ప్రాణరక్షణలోనూ నీటి వాటాలోనూ సీమకు కావలసింది అదే.

కాబట్టి జలవనరుల నిర్వహణాధికారులు ప్రతి సెన్సరుకు, ప్రతి అలారం హద్దుకు ఒక బాధ్యుడిని నియమించి, బదిలీ సమయంలో ఆ పత్రాలను లిఖితపూర్వకంగా అప్పగించే నియమం పెట్టాలి. విద్యుదుత్పత్తి సంస్థల యాజమాన్యాలు ఏటా ఒకసారైనా అలారాలను ఉద్దేశపూర్వకంగా మోగించి పరీక్షించాలి. పర్యవేక్షణ వ్యవస్థలు కొనే అధికారులు ఒప్పందంలోనే అమరికల పూర్తి వివరణను, వెర్షన్ మారినప్పుడల్లా దాని సవరణను షరతుగా చేర్చాలి. ఆ షరతు తీరనంతవరకు తుది బిల్లు చెల్లించరాదు. ఈ పనుల ఖర్చు ఒక గేటు కొత్తగా చేయించే ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

రోజువారీ నీటిమట్టాలు ప్రజలకు అందుతున్నాయి. ఆ అంకె ఇచ్చిన పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారన్నది అందడం లేదు. వచ్చే వర్షాకాలం మొదలయ్యేలోగా శ్రీశైలం, తుంగభద్ర, సీమలోని మిగతా జలాశయాల పర్యవేక్షణ పరికరాల స్థితిపత్రాలను తెలుగులో ప్రజల ముందు ఉంచాలి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల ప్రజాప్రతినిధులు ఆ పత్రాలను చట్టసభల్లో అడిగి తీసుకోవాలి. నదుల ఒడ్డున నివసించే ప్రజలు తమ గ్రామసభల్లో ఆ కోరికను తీర్మానంగా నమోదు చేయాలి.