తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

"సార్, పాస్‌వర్డ్ అడుగుతోంది!"

మన కంప్యూటర్ ల్యాబులో రోజుకి పదిసార్లయినా వినిపించే కేక ఇది. లినక్స్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోబోయినా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలంటుంది. అది సార్ దగ్గరుంటుంది. సార్ క్లాసులో ఉంటారు. ఈలోగా ప్రాక్టికల్ గంట కాస్తా అయిపోతుంది. "ఆ పాస్‌వర్డేదో మాకే ఇచ్చెయ్యొచ్చుగా?" అనే మిత్రులు చాలామంది. ఒకప్పుడు నేనూ వారితో గొంతు కలిపినవాణ్ణే. నా అభిప్రాయం ఎందుకు మారిందో మనవి చేస్తాను.

పంజాగుట్ట హాస్టల్లో ఉంటూ, సెలవుల్లో అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో లినక్స్ కోర్సుకి చేరాను. మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకి ఆ వాతావరణం చెప్పక్కర్లేదు. గోడల నిండా కోర్సుల పేర్లు, చేతిలో కరపత్రం పెట్టే కుర్రాళ్లు, జిరాక్సు నోట్సులు. ఆ నోట్సులో దాదాపు ప్రతి కమాండు ముందూ 'సుడో' అని ఉండేది. ఎందుకని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఏ పూజకైనా ముందు వినాయకుడికి దణ్ణం పెట్టినట్టు సుడో కొట్టుకుపోయాను.

ఒకరోజు ఏదో ప్రోగ్రాం 'పర్మిషన్ లేదు' అంది. విసుగొచ్చి, 'యుఎస్ఆర్' డైరెక్టరీ మొత్తానికి 'సుడో సిహెచ్‌మోడ్ 777' కొట్టేశాను. అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అన్నమాట. సమానత్వం సాధించాననుకున్నాను. మరుక్షణం సుడోయే పనిచెయ్యడం మానేసింది! కారణం తర్వాత తెలిసింది. సుడో ఫైలుకి 'సెట్‌యుఐడి' అనే గుర్తొకటుంటుంది. మామూలు మనిషి నడిపినా అది రూట్ అధికారంతో నడిచేది ఆ గుర్తు వల్లనే. నా 777 దాన్ని తుడిచేసింది. అందరికీ అన్ని హక్కులూ పంచబోయి, ఉన్న హక్కే పోగొట్టుకున్నాను.

చివరికి ఆ మిషన్లో లినక్స్ మళ్లీ మొదటినుంచీ ఎక్కించారు. అదే మిషన్ మీద కూర్చునే సాయంత్రం బ్యాచి కుర్రాడి నెలరోజుల ప్రాజెక్టు అందులో పోయింది. అతను నన్నొక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకునే రోజుల్లో పుట్టింది యూనిక్స్. అందుకే నీ ఇంట్లో నీ ఇష్టం, ఊరుమ్మడి బావి దగ్గర కట్టుబాటు అన్నది దాని నీతి. రూట్ పాస్‌వర్డ్ అందరికీ పంచకుండానే, ఎవరు ఏ పని చెయ్యొచ్చో నిర్ణయించడానికి 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో సుడో రాశారు. 2004లో వచ్చిన ఉబుంటు రూట్ లాగిన్‌ను మూసిపెట్టి, ఈ పద్ధతినే నమ్ముకుంది. ఎవరు ఏ కమాండు నడిపారో లాగ్‌లో నమోదవుతుంది కూడా.

అలాగని తాళం వేసి కూర్చుంటే చదువవుతుందా? ఒడ్డున నిలబడి ఈత నేర్చినవాడు లేడు. కనుక అధ్యాపకులకూ, మన యూనియన్‌కూ రెండు విన్నపాలు. ఒకటి: పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వంటివి ఎవరి హోం డైరెక్టరీలో వారు వేసుకోవచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఇది మొదటివారంలోనే నేర్పండి. రెండు: ప్రతి విద్యార్థికీ ఒక వర్చువల్ మెషిన్ ఇవ్వండి. అందులో రూట్ ఆ విద్యార్థే. చెడగొట్టనివ్వండి, తనే బాగుచేసుకోనివ్వండి. పక్కవాడి ప్రాజెక్టు మాత్రం పోదు.

మిత్రులారా! తాళంచెవి అడగడం మన హక్కే. కాని ఆ తలుపు వెనక ఇంకెవరి సొత్తు ఉందో తెలుసుకుని అడుగుదాం.