సూదికి ముందు బీపీ చూడండి
కోరిక తగ్గిపోయిందని ఒక ఆడమనిషి డాక్టరు ముందు నోరు విప్పడానికి ఏళ్లు పడుతుంది. అందుకే 2019 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ బ్రెమెలనోటైడ్ అనే పెప్టైడ్ ఇంజెక్షన్‌కి అనుమతివ్వడం నాకు సంతోషమే. ఆ బాధ ఉత్తదేం కాదని ఒప్పుకున్నట్టయింది. కానీ ఇది ఆషామాషీ మందు కాదు. నెలసరి ఇంకా ఆగిపోని స్త్రీలకే రాస్తారు. కలయికకు కనీసం 45 నిమిషాల ముందు పొట్ట మీదో తొడ మీదో పెన్ను ఆనించి 1.75 మిల్లీగ్రాములు ఎక్కించుకోవాలి. ట్రయల్స్‌లో నూటికి 40 మందికి కడుపులో తిప్పింది. దగ్గరితనం కోసం పొడుచుకున్న సూది మనిషిని వాష్‌బేసిన్ మీదికి వంచేస్తే ఆ రాత్రి సంగతేంటి? బీపీ కూడా కొన్ని గంటలు పెరుగుతుంది, కాబట్టి అదుపులో లేని బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదు. నెలకు ఎనిమిది డోసులు దాటొద్దనడం ఊరికే కాదు: వరసగా రోజూ ఇచ్చి చూస్తే మూడోవంతుకు పైగా మందికి ముఖం, చిగుళ్లు, రొమ్ముల మీద నల్లమచ్చలు వచ్చాయి, అందరికీ పోయాయని తేలలేదు. నాకు అసలు భయం వేరే. ఇదే పదార్థం పీటీ-141 పేరుతో, పరిశోధనకు మాత్రమే అన్న లేబుల్‌తో, పొడి సీసాల్లో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అందులో ఏముందో చెప్పే నాథుడు లేడు. నీళ్లు కలిపి సిరంజిలో కొలుచుకోవడం కొన్నవాళ్ల పనే. కోరిక తగ్గడానికి కారణం వేరే జబ్బో, కాపురంలో కలతో, వాడుతున్న ఇంకో మందో అయితే ఈ సూది అందుకు కాదని మందు కాగితంలోనే ఉంది. ఆ మూడూ అడిగి, బీపీ చూశాకే డాక్టరు చీటీ రాయాలి.