బూడిద మాత్రం మనది కాదా?

“మద్రాసు మనదే” అని తెలుగువాళ్లు కేకలు వేసి డెబ్బై ఏళ్లు దాటింది. 1953లో పట్నం లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజ్యం అటు పోయినా మనం ఇక్కడే ఉన్నాం. ఈనాటికీ చెన్నపట్నంలో మన వాటా ఏదంటే, తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద త్యాగయ్య కట్టిన అయిదు తెలుగు కీర్తనలు చూపిస్తాం. ఆ గుడికి ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలోని ఎన్నూరు ఉప్పుటేరు గురించి మాత్రం మన సభల్లో నేను ఒక్క మాటా వినలేదు.

చిత్తూరు సీమ నీళ్లను కలుపుకొని వచ్చే కుశస్థలి, తమిళుల కొసస్తలై, అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటి మొగ చుట్టూ ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం మొదటి దశ 630 మెగావాట్లు, రెండో దశ 1200, వల్లూరు 1500, 2024లో ప్రారంభించిన మూడో దశ 800. మొత్తం 4130 మెగావాట్లు. ఇది చాలదన్నట్టు, 2017లో మూసేసిన ఎన్నూరు పాత కేంద్రం పక్కన, ఏనాడో తలపెట్టి నిలిచిపోయిన 660 మెగావాట్ల కేంద్రానికి 2024 డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. స్థానికులు చాలామంది వద్దేవద్దన్నారు.

“కరెంటు వద్దా?” అని అడిగేవారున్నారు. కావాలి. నా ఇంట్లోనూ ఫ్యాను తిరుగుతోంది. నేనడిగేది వేరు: పొయ్యిలన్నీ ఒకే పెరట్లో ఎందుకు? మన దేశపు బొగ్గు వంద టన్నులు కాలిస్తే ముప్పై నలభై టన్నులు బూడిదే. దాన్ని నీళ్లతో కలిపి గొట్టాల్లో బూడిద చెరువుకు పంపుతారు. ఆ గొట్టాలకు చిల్లులు పడి, ఏళ్ల తరబడి బూడిద నదిలోకి కారింది. నది మేట వేసింది. చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఇరుళర్ల కూడూ, వల వేసే జాలర్ల కూడూ ఆ మేట కిందే పోయాయి. పైగా పూండి జలాశయం వదిలే వరద సముద్రానికి చేరే దారి ఇదే. దారి పూడితే వరద ఊళ్ల మీద పడదా?

“అది ఎలాగూ పాడైన చోటు, ఇంకొకటి వస్తే ఏం?” అనే వాదన మరీ అన్యాయం. జబ్బు మనిషి నెత్తినే బరువంతా పెట్టమన్నట్టుంది. కాగితాల్లో ప్రతి కేంద్రమూ తన పొగకు వేరే లెక్క చూపిస్తుంది. పీల్చేవాడు అన్నీ కలిపే పీలుస్తాడు.

ఇక మనవాళ్ల మాట: “పరాయి రాష్ట్రంలో ఉన్నాం, మనకెందుకీ గొడవ?” తరతరాలుగా పన్ను కట్టి, ఓటు వేసి, పెద్దల్ని ఈ మట్టిలోనే కలిపినవాళ్లకు ఇది పరాయిది ఎట్లా అవుతుంది? బడిలో తెలుగు కోసం అర్జీలు పెట్టడం మనకు కొత్త కాదు. ఆ చేత్తోనే ఇదీ రాయవచ్చు. ఇటువంటి కేంద్రాలపై రాతపూర్వకంగా అభ్యంతరం పంపే వీలు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఈ ఏటి గోడు 2017లో తమిళంలో పాటగా వచ్చింది. మన కవులు దేనికోసం ఆగారు?

ఈసారి త్యాగరాజ ఆరాధనకు చేరినప్పుడు మన సంఘాలు ఒక తీర్మానం చెయ్యాలి: నదిలో పేరుకున్న బూడిద తీసేదాకా ఎన్నూరులో కొత్త పొయ్యి వెలిగించరాదు. కింద సంతకాలు తెలుగులోనే పెడదాం.