పదాఱు గంటల వ్రతము

మా పట్టణమున నిప్పుడు పరిచితు లొకరి నొకరు కలిసికొన్నప్పుడు కుశలప్రశ్నకు బదులు మఱియొక ప్రశ్న వినవచ్చుచున్నది. "మీరు పదహారా, పద్దెనిమిదా?" అని యడుగుదురు. ప్రశ్న పదాఱువన్నె బంగారమును గుఱించినది కాదు. దినమున కెన్ని గంటలు నోరు కట్టుకొని యుందురని దాని యర్థము. రాత్రి యెనిమిది గంటలకు భోజనము ముగించి మఱునాడు మధ్యాహ్నము పండ్రెండు వఱకు మంచినీళ్లును, పాలు చక్కెర లేని కాఫీయు తప్ప మఱేమియు ముట్టనివాడు పదాఱు గంటల వ్రతి. వానికంటె రెండు గంట లెక్కువ మాడినవాడు వానికంటె పూజ్యుడు. గంటలను లెక్కించుటకు ఫోనులో గడియారము, తిన్న ముద్దకు క్యాలరీలు కట్టుటకు వేఱొక పట్టిక, ప్రొద్దుట లేచి యెక్కి దిగుటకు తూకపు యంత్రము, తగ్గిన తూకమును బంధువులకెల్ల చాటుటకు వాట్సాపు. ఏ నోమునకును ఇన్ని యుపకరణములను మన ముత్తవ్వ లెఱుగరు.

నే నీ వ్రతమును దూరమునుండి చూచి నవ్వుచున్నవాడను కాను. నేనును చేసితిని. మూడేండ్ల క్రిందట, నలువదినాలుగవ యేట, నా తూకము 84 కిలోలు. వైద్యుడు నెత్తురు పరీక్షించి, పొట్ట తగ్గింపవలసినదని చెప్పెను. ఉదయపు ఫలాహారము మానితిని. అయిదు నెలలలో ఏడు కిలోలు తగ్గితిని. తగ్గిన మాట నిజము. దానిని దాచుట నా యభిమతము కాదు. అయితే తగ్గినవాడు తగ్గి యూరకుండడు గదా! ఉపాధ్యాయుల గదిలో ఉపన్యసించితిని. పెండ్లిపందిళ్లలో విస్తరి ముందు కూర్చుండకయే ఉపన్యసించితిని. తుదకు తొమ్మిదవ తరగతిలో ఒక పాఠమున 'ఉపవాస' శబ్దము వచ్చెను. 'ఉప' యనగా సమీపమున, 'వాస' మనగా ఉండుట, భగవంతుని సమీపమున నుండుట యుపవాసమని చెప్పి యంతటితో నాగినచో పాఠము ముగిసెడిది. నేనాగలేదు. నిన్న రాత్రి యెనిమిది మొదలు ఏమియు తినలేదనియు, ఐనను ఎంత యుత్సాహముగ పాఠము చెప్పుచున్నానో చూడుడనియు, నన్ను నేనే యుదాహరణముగ చూపుకొంటిని.

రెండు నెలలకు ఉదయపు ప్రార్థనలో మూడవ వరుసనున్న యొక బాలిక నిలుచున్నది నిలుచున్నట్లే కూలిపోయెను. నీళ్లు చల్లి, పంచదార నీరు త్రాగించిన పిమ్మట సంగతి తెలిసినది. ఏబది దినములుగ ఆమె ఇంటిలో ఏమియు తినక బడికి వచ్చుచున్నది. మధ్యాహ్నపు డబ్బాలో సగము స్నేహితురాండ్రకు పెట్టుచున్నది. ఆమె తూకము 42 కిలోలు. స్థూలకాయపు ఛాయయైన లేదు. నేను కోపముతో "ఎవరు చెప్పారమ్మా నీకిది?" అంటిని. పిల్ల తల వంచుకొనెను. తల్లి బదులు చెప్పెను: "మీరే కదండీ మాస్టారూ. మీకు మంచిదైంది తనకెందుకు కాదు అంటోంది."

ఈ వ్యాసము వ్రాయుటకు నాకు గల యధికార మా మాటయే.

ఈ వ్రతమును బోధించువారు ముందుగ మన ప్రాచీనులను సాక్ష్యమునకు పిలుతురు. లంఘనము పరమౌషధమను నానుడిని పలుకనివాడు లేడు. నేను సంస్కృతము చదివి పొట్ట పోసికొనువాడను గనుక ఈ సాక్షిని కొంచెము ప్రశ్నింపవలసియున్నది. చరకసంహిత సూత్రస్థానమున, శరీరమునకు తేలికదనము కలిగించునదియెల్ల లంఘనమని చెప్పి దానిని పది విధములుగ విభజించిరి. అందు ఉపవాస మొకటి, వ్యాయామము మఱియొకటి, గాలియు, ఎండయు గూడ వేఱువేఱుగ లెక్కకు వచ్చినవి. మనవారు పదింటిలో నొక్కదానిని, అందును కుర్చీనుండి లేవకయే చేయదగినదానిని, ఏరుకొని తక్కిన తొమ్మిదింటిని గ్రంథమునందే విడిచిపెట్టిరి. అంతకంటె వింత యొకటి గలదు. ఆ గ్రంథమే అతిస్థూలునకు జఠరాగ్ని తీవ్రముగ నుండుననియు, వాడాకలి కోర్వలేడనియు చెప్పి, ఆలస్యముగ జీర్ణమగుచు పుష్టిని తక్కువగ నిచ్చు నాహారమును వానికి విధించినది. కడుపు నిండవలెను, క్రొవ్వు పెరుగరాదు అనుట దాని తాత్పర్యము. కడుపు మాడ్చుమనుట కాదు. నిందితులైన యెనమండ్రలో అతిస్థూలునితోపాటు అతికృశునిగూడ నిలువబెట్టిన సంగతి మన యుపన్యాసకులకు జ్ఞప్తికి రాదు.

ఇక "మన తాతలు ప్రొద్దుట తినేవారా?" యను ప్రశ్న. ఏ తాతలు? స్నానసంధ్యలు తీర్చి, దేవతార్చన ముగించి, మధ్యాహ్నమునగాని విస్తరి ముందు కూర్చుండని తాతలు కొందఱుండిరి. వారి యిండ్లలోగూడ పిల్లలకు చద్దియన్నము పెట్టెడివారు. పొలమునకు పోవు తాత తెల్లవారుసరికి చద్దియన్నమో అంబలియో ఉల్లిపాయ నంజుకొని కడుపున వేసికొనియే నాగలి పట్టెను. పోతనగారి భాగవతమున గోపబాలురు కృష్ణునితో కూర్చుండి చల్దులు కుడిచిన ఘట్టము తెలియని తెలుగు బాలుడు మొన్నమొన్నటివఱకు లేడు. చద్దిమూట గట్టుకొని బ్రదికిన జాతికి ఉదయపు తిండి క్రొత్తగా వచ్చిన దురలవాటని చెప్పుటకు ఎంత సాహసము కావలెను! మన శనివారపు టుపవాసములను గుఱించి చెప్పనక్కఱలేదు. అన్నము మానినందులకు ఇడ్డెనలును, ఉప్మాయు, మినపరొట్టెయు తిని "ఈ పూట ఉపవాసమండీ" యని త్రేన్చు పెద్దమనుష్యులను మనమందఱ మెఱుగుదుము. వారివలన నెవరికిని హాని లేదు.

ప్రాచీనులు లొంగనప్పుడు నవీనశాస్త్రము రంగమున ప్రవేశించును. జపానుదేశస్థుడైన యోషినోరి ఓసుమికి 2016లో నోబెలు బహుమానము వచ్చినది. జీవకణము తనలోని శిథిలభాగములను తానే విఱిచి మరల నుపయోగించుకొను విధమును వెల్లడించినందులకు వచ్చినది. ఇది సత్యము. కాని యాయన ముఖ్యముగ పరిశోధించినది రొట్టెపిండిని పొంగించు ఈస్టు కణములను. పోషణ లేని ఈస్టు కణమునుండి మా వీధి గుమాస్తా కడుపువఱకు ఒక్క గంతు వేసి, సరిగా పదాఱవ గంటకు శరీరము తన రోగములను తానే తినివేయునని చెప్పుట శాస్త్రము కాదు, పురాణము.

మనుష్యులపై చేసిన పరీక్షలు వేఱుగ పలుకుచున్నవి. 2020లో ప్రకటింపబడిన యొక యమెరికా పరీక్షలో 116 మందిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమువారిని మధ్యాహ్నము 12 మొదలు రాత్రి 8 వఱకు మాత్రమే తినుమనిరి. పండ్రెండు వారములకు వారు తగ్గినది సగటున ఒక కిలోకు లోపే. మూడు పూటలు తినినవారికిని వారికిని చెప్పదగిన భేదము లేదు. కొందఱిని నిశితముగ పరీక్షింపగా, తగ్గినదానిలో హెచ్చుపాలు క్రొవ్వు కాదని తేలెను. 2022లో చీనాదేశపు గ్వాంగ్‌జౌ నగరమునుండి వెలువడిన పరీక్షలో 139 మంది స్థూలకాయులు ఒక సంవత్సరము మితాహారము తీసికొనిరి. అందొక వర్గమువారు ఉదయము 8 మొదలు సాయంకాలము 4 లోపల మాత్రమే తినిరి. సగటున 8 కిలోలు తగ్గిరి. గంటల నియమము లేక అంతే మితముగ తినినవారు 6.3 కిలోలు తగ్గిరి. ఆ పాటి భేదము యాదృచ్ఛికము కావచ్చును గనుక దానిని లెక్కగొనరాదని తేల్చిరి. తక్కువ తినినవాడు తగ్గును, గడియారము తగ్గింపదు. మఱియు చదువరులు గమనింతురు గాక, గ్వాంగ్‌జౌవారు తినినది ప్రొద్దుట, మానినది రాత్రి. మనవారు ప్రొద్దుట మాని, రాత్రి బిరియానితో వ్రతము చెల్లించి, ఆ పరీక్షనే తమకు సాక్ష్యముగ చూపుచున్నారు.

ఆకలి మనస్సును చేయు పని యెట్టిదో తెలియగోరువారు 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఏన్సెల్ కీస్ జరిపిన పరీక్షను చదువవలెను. యుద్ధము చేయుటకు మనస్సొప్పని 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంత తామే యందు చేరిరి. 24 వారములు వారికి దినమునకు సుమారు 1570 క్యాలరీల యాహార మిచ్చిరి. తూకమున నాలుగవ వంతు పోయెను. పోయినది తూక మొక్కటియే కాదు. వారు వంటల పుస్తకములు పోగుచేసికొనిరి. కలలో తిండి, మాటలో తిండి. కంచములు నాకిరి. స్నేహితులపై విసుగుకొనిరి, దిగులుపడిరి. మరల కడుపునిండ పెట్టినప్పుడు ఎంత తినినను తృప్తి లేక బాధపడినవారు గలరు. ఇప్పుడు మన ఫోనులలోని పట్టికలు 1200 క్యాలరీలని వ్రాసి యిచ్చుచున్నవి. స్థూలకాయురాలికి వైద్యుని కనుసన్నలలో అది తగియుండవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క ప్రకారము 13 మొదలు 15 ఏండ్ల బాలికకు దినమునకు సుమారు 2400 కావలెను. మా మూడవ వరుసలోని పిల్ల ఫోనులో 1200 అనియే యుండెను.

ఇక వంటయింటిలోనికి పోవుదము. వ్యాసకర్తలు సామాన్యముగ దాని గుమ్మముకడనే యాగిపోవుదురు. నేను వ్రతము చేసిన యా దినములలో నా భార్య ఉదయము ఆఱు గంటలకు పిల్లల ఫలాహారము, తరువాత నా పండ్రెండు గంటల భోజనపు డబ్బా, సాయంకాలము ఎనిమిదికి ముందే నా కంచము సిద్ధము చేసి, నడుమ తన యుద్యోగము తాను చేసికొనెను. అందఱును తినిన పిదప మిగిలినది తినుట, తినుటకు వేళ చాలకున్న మానుట ఆమెకు పెండ్లినాటినుండియు అలవాటు. ఆ యుపవాసమునకు ఫోనులో గడియారము లేదు. దానిని మెచ్చుకొన్నవారును లేరు. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. అదే సర్వేలో నూటికి 24 మంది తూకము మీఱినవారు. ఈ రెండు లెక్కలును వేఱువేఱు ఇండ్లవి కావు. ఒక్క శరీరముననే లావును, నెత్తురు లేమియు కలిసియుండుట వైద్యు లెఱిగినదే. అట్టి స్త్రీ ఉదయపు పూట మానినచో ఆమె మానునది యేమి? ఇడ్డెనలోని మినపపప్పు, పెసరట్టులోని పెసలు. మిగిలియుండునది మధ్యాహ్నపు టన్నపు గుట్ట.

తప్పున్నది ఆ గుట్టలోనే. పాలిషుపట్టిన తెల్లని బియ్యమును వండి కంచము నిండ పోసికొని, పప్పును దానికి రంగు పూయుటకు మాత్రము వాడుచున్నాము. ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్లను మించరాదని ఆ హైదరాబాదు సంస్థవారే 2024లో చెప్పిరి. గుట్టను ప్రతిదినము సగము తగ్గించుట కష్టము. ఒక పూట కంచమునే యెత్తివేయుట సులభము. సులభమైనది గనుకనే దీనికింత ప్రచారము.

వితంతువునకు ఒంటిపూట యన్నము విధించి ఆమె శరీరమును ఎండగట్టిన దేశము మనది. అట్టి క్రూరత్వముతో పోరాడియే వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. నాడు ఆడుది తినరాదనుటకు ధర్మశాస్త్రమును అడ్డుపెట్టిరి. నేడు అద్దమును అడ్డుపెట్టుచున్నారు. రెండును ఒకటియే యని నేననను. నేటి యువతిని నిర్బంధించువారు లేరు, తన యిష్టముచేతనే మానుచున్నది. కాని పెండ్లిచూపులలో "అమ్మాయి కొంచెం లావు" అను మాట విని మానినదానిని ఏపాటి యిష్టమనవలెను?

మధుమేహరోగుల మాట యొక్కటి చెప్పక విడువరాదు. ఇన్సులినుగాని, కొన్ని జాతుల చక్కెరమాత్రలుగాని వాడువారు తిండి మాని మందు మ్రింగినచో నెత్తురులోని చక్కెర ప్రమాదస్థాయికి దిగును. మా ప్రక్కయింటి పెద్దాయన మనుమడు పంపిన వీడియోను చూచి అట్లు చేసి స్నానపుగదిలో పడిపోయెను. వైద్యుని నడిగి యుండినచో మోతాదు మార్చి యుండెడివాడు.

రోగము లేని, లావుపాటి, నావంటి నడివయస్సు పురుషు డొక పూట మానినచో నా కభ్యంతరము లేదు. నాకు తగ్గిన ఏడింటిలో నాలుగు కిలోలు మరల వచ్చినవి. అది వేఱు మాట. మానువారు మానుడు. దానికి 'తక్కువ తినుట' యని మాత్రమే పేరుపెట్టుడు. పిల్లల యెదుట తూకపు యంత్ర మెక్కకుడు, సన్నబడిన పిల్లను చూచి మెచ్చుకొనకుడు. పొరుగున తమిళనాట 2022లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలాహారము పెట్ట నారంభించిరి; కడుపు కాలుచు వచ్చిన పిల్లవానికి పాఠము తలకెక్కదని తెలిసియే. అన్నము గల యిండ్లలోని మనము, కలిగియు మానుట గొప్పయని మన పిల్లలకు నేర్పుచున్నాము.

ఆ తరువాత నేను తరగతిలో నా మాటను నేనే ఖండించుకొంటిని. పిల్లలు నవ్విరి, ఆమె నవ్వలేదు. ఇప్పుడామె ఇంటరు చదువుచున్నది. మొన్న తల్లి బజారులో కనబడి "ఇప్పుడు తింటోందండీ" అనెను. కొంచెము సేపాగి, "కాని కంచంలో ఇడ్లీలు పెట్టగానే ముందు లెక్కపెడుతుంది" అనెను.